మజిలీలు

తెలుగులో 'కాశీమజిలీ కథలు' అనే పెద్ద కథల పుస్తకం ఉంది. దానిని మధిర సుబ్బన్న దీక్షితులు రాశారు. ఒక యతి కాశీకి బయలుదేరుతూ ఒక గోపబాలుణ్ణి తోడు తీసుకొని వెళతాడు. ప్రతి మజిలీలోనూ అతనికి ఒక కథ చెపుతాడు. మజిలీ అంటే ప్రయాణంలో ఆగి విశ్రాంతి తీసుకొనే చోటు. పగలు నడిచిన దూరం ఒక ఎత్తు, రాత్రి ఆగిన చోటు మరొక ఎత్తు. దారి మనిషిని అలసిపోయేటట్లు చేస్తుంది. మజిలీ ఆ అలసట తీర్చి, చూసినదాన్ని జ్ఞాపకంగా మారుస్తుంది. దూర ప్రయాణం చేయదలచినవారు మొదట ఆలోచించవలసింది వేగం గురించి కాదు, మజిలీల గురించి.

పూర్వం కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అనేవారు. దారిలో దొంగలు, అడవులు, రోగాలు, వరదలు ఉండేవి. అటువంటి రోజుల్లో కూడా ముందుచూపుతో బయలుదేరి, క్షేమంగా తిరిగి వచ్చినవారు ఉన్నారు. వారిలో ఏనుగుల వీరాస్వామయ్య ఒకరు.

వీరాస్వామయ్య నేర్పిన పద్ధతి

వీరాస్వామయ్య చెన్నపట్నంలోని సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసేవారు. దుబాసీ అంటే ఒక భాషలోని మాటను మరొక భాషలో వివరించేవాడు. ఆయన 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరారు. కుటుంబం, పరివారం కలిసి సుమారు వంద మంది ఆయన వెంట నడిచారు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరారు. తిరుగు ప్రయాణంలో గయ, కలకత్తా, పూరీ, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరు చూసుకొని 1831 సెప్టెంబరు 3న చెన్నపట్నం చేరారు. అంటే పదిహేను నెలలకు పైగా ఆయన దారిలోనే ఉన్నారు.

ఆ దారి అంతా ఒకే ప్రభుత్వం కింద లేదు. కొంత దూరం ఇంగ్లీషు కుంపిణీది. కొంత కందనూరు నవాబుది. ఆ తరువాత నిజాం రాజ్యం, దానిని దాటితే నాగపూరు భోంసలేల రాజ్యం. ఒక్కొక్క ఎల్లలో ఒక్కొక్క సుంకం, ఒక్కొక్క నాణెం, ఒక్కొక్క పద్ధతి. శ్రీశైలం వచ్చే యాత్రికుల దగ్గర కందనూరు నవాబు మనుషులు సుంకం వసూలు చేసేవారని వీరాస్వామయ్య రాశారు. నేటి మాటల్లో చెప్పాలంటే ఆయనది అనేక సరిహద్దులు దాటిన ప్రయాణం.

ఆయన దారి పొడుగునా దినచర్య రాసి, చెన్నపట్నంలోని తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు పంపేవారు. వీరాస్వామయ్య 1836లో మరణించారు. శ్రీనివాస పిళ్ళె ఆ రచనను 1838లో 'కాశీయాత్ర చరిత్ర' అనే పేరుతో అచ్చువేయించారు. ఆ పుస్తకంలో గుళ్ళు, గోపురాల వర్ణన మాత్రమే లేదు. ఈ ఊరికీ వెనకటి ఊరికీ మధ్య ఎన్ని ఆమడలు, దారిలో ఏరు ఉందా, కొండ ఉందా, దిగడానికి చావడి ఉందా, మంచినీరు దొరుకుతుందా, అంగళ్ళలో ఏ సరుకులు ఉన్నాయి అనే విషయాలు ఆయన ఓపికగా రాశారు. తన వెనక వచ్చేవారికి కష్టం కలుగరాదన్నది ఆయన ఉద్దేశం. మంచి ప్రయాణ పథకం అంటే సరిగ్గా ఇదే: దూరం, దారి, నీరు, తిండి, బస. ఈ అయిదూ తెలిసిన తరువాతనే చూడవలసిన వింతల సంగతి.

దారి వేసినవారు

దారిలో నీడ, నీరు, బస ఏర్పాటు చేయడం కూడా గొప్ప పనే. ఈ విషయంలో దక్షిణాది తెలుగువారు గర్వపడదగిన పేరు రాణి మంగమ్మది. ఆమె 17వ శతాబ్దం చివరి సంవత్సరాల నుండి 18వ శతాబ్దం మొదటి సంవత్సరాల వరకు, పసివాడైన మనుమని తరఫున మదురై నాయక రాజ్యాన్ని పాలించింది. బాటలు వేయించింది, వాటి పక్కన చెట్లు నాటించింది, బాటసారులకు సత్రాలు కట్టించింది. మదురై నుండి కన్యాకుమారి వైపు పోయే పాత బాటను ఇప్పటికీ 'మంగమ్మాళ్ సాలై' అంటారు. మదురై రైల్వేస్టేషను ఎదుట ఆమె పేరుతో సత్రం ఉంది.

కోయంబత్తూరులో మరొకరు కనిపిస్తారు. కలంగల్ గ్రామంలో 1893లో పుట్టిన జి.డి. నాయుడు 1920లో ఒక బస్సు కొని, పొల్లాచి, పళని మధ్య తానే నడిపాడు. ఆ ఒక్క బస్సే తరువాత పెద్ద మోటారు సర్వీసుగా పెరిగింది. కోయంబత్తూరులో అవినాశి రోడ్డు మీద ఆయన కుటుంబ సంస్థ వారు నడిపే కార్ల ప్రదర్శనశాల ఉంది. పాత కాలపు కార్లను అక్కడ చూడవచ్చు. బాట మీద చెట్టు నాటినవారినీ, ఆ బాట మీద బండి నడిపినవారినీ తలచుకొని ఇప్పుడు ఒక ప్రయాణ పథకాన్ని పరిశీలిద్దాం.

ఆర్.ఎస్. పురంలో ఒక ఇల్లు

కోయంబత్తూరులోని ఆర్.ఎస్. పురానికి పూర్తి పేరు రత్నసభాపతిపురం. నగర పురపాలక సంఘానికి అధ్యక్షుడుగా పనిచేసిన దివాన్ బహదూర్ సి.ఎస్. రత్నసభాపతి ముదలియార్ పేరు మీద ఆ పేట ఏర్పడింది. అక్కడి డి.బి. రోడ్డులోని రెండు అక్షరాలు ఆయన బిరుదును గుర్తుచేస్తాయి. ఆ పేటలో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలా ఉన్నాయి. అటువంటి ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకొందాం.

ఆ ఇంట్లో అవ్వ, నాయన, అమ్మ, తొమ్మిదో తరగతి చదివే అబ్బాయి, ఆరో తరగతి చదివే చెల్లెలు ఉన్నారు. అవ్వకు డెబ్బైనాలుగేళ్ళు. ఆమె పుట్టింది, పెరిగింది, కాపురం చేసింది కోయంబత్తూరు జిల్లాలోనే. ఇంట్లో తెలుగు తప్ప మరొకటి మాట్లాడదు. కృష్ణా తీరం నుండి తమ పెద్దలు వచ్చారని ఆమె చిన్నప్పుడు విన్నది. కాని కృష్ణానదిని ఆమె ఎన్నడూ చూడలేదు. "నా కాళ్ళు ఆడుతుండగానే ఆ నీళ్ళు ఒక్కసారి చూసి రావాల" అని ఆమె అడిగింది. మోకాళ్ళ నొప్పి ఉన్న అవ్వ మళ్ళీ అంత దూరం రాగలదో లేదో ఎవరూ చెప్పలేరు. అందుచేత ఈ ప్రయాణం సరదా కోసం మాత్రమే కాదు. ఇది తప్పిపోరాదు.

బడికి అర్ధ సంవత్సర పరీక్షల సెలవులు వచ్చాయి. పాఠశాల తెరిచేలోపల పది రోజులు దొరుకుతాయి. నాయన పథకం వేసే పని అబ్బాయికి అప్పగించాడు.

మొదటి పథకం ఎందుకు నిలవలేదు?

అబ్బాయి పటం పరచి, స్కేలు పెట్టి దూరాలు కొలిచాడు. హంపి, శ్రీశైలం, వరంగల్లు, అమరావతి, అహోబిలం, తిరుమల, అన్నీ రాసుకొన్నాడు. మొత్తం సుమారు 3,000 కిలోమీటర్లు అయింది. గంటకు 80 కిలోమీటర్ల చొప్పున లెక్కవేస్తే అన్నీ సులభంగా చూడవచ్చునని తేల్చాడు.

నాయన కాగితం చూసి మూడు ప్రశ్నలు వేశాడు. "ఇందులో భోజనం ఎప్పుడు? అవ్వ కాళ్ళు చాచుకొనేది ఎక్కడ? బండి ఒక పూట చెడిపోతే మనం ఇంటికి చేరేది ఏ రోజున?" అబ్బాయి దగ్గర ఒక్క ప్రశ్నకూ జవాబు లేదు.

పథకం వేసేవారు సాధారణంగా చేసే తప్పులు ఈ మొదటి కాగితంలోనే ఉన్నాయి. మొదటిది, పటం మీద గీసిన గీత రోడ్డు కాదు. రోడ్డు వంకర్లు తిరుగుతుంది. ఊళ్ళలో ఇరుకవుతుంది. రెండవది, బండి పోగల వేగం వేరు, ప్రయాణం సాగే సగటు వేగం వేరు. మూడవది, చూడవలసిన చోట్లను లెక్కపెట్టడమే తప్ప, ఒక్కొక్క చోట ఎంతసేపు ఉండాలో లెక్క లేదు. నాలుగవది, అందరికంటె బలహీనుడైన ప్రయాణికుణ్ణి మరచిపోవడం. గుంపు నడక ఎప్పుడూ అందరికంటె నెమ్మదిగా నడిచేవాడి నడకే. ఆ ఇంట్లో అవ్వ రెండు గంటలకు మించి ఒకే చోట కూర్చోలేదు. కనుక పథకానికి కొలబద్ద అవ్వ మోకాళ్ళే కావాలి.

కాలం లెక్క

ప్రయాణ కాలాన్ని అంచనా వేయడానికి ఒక సులభమైన పద్ధతి ఉంది. దారిని రకాలుగా విడదీయాలి. నాలుగు వరుసల జాతీయ రహదారి మీద గంటకు 60 కిలోమీటర్లు, మామూలు రోడ్డు మీద 50, కొండదారిలో 30 చొప్పున సగటు వేసుకొంటే చాలావరకు సరిపోతుంది. దానికి విశ్రాంతి కాలం కలపాలి.

ఉదాహరణకు కర్నూలు నుండి శ్రీశైలానికి సుమారు 180 కిలోమీటర్లు. అందులో దాదాపు 130 కిలోమీటర్లు మామూలు రోడ్డు, మిగిలిన 50 అడవిలో సాగే కొండదారి అనుకొందాం. 130ని 50తో భాగిస్తే రెండు గంటల ముప్పైఆరు నిమిషాలు. 50ని 30తో భాగిస్తే ఒక గంట నలభై నిమిషాలు. రెండూ కలిపితే నాలుగుంబావు గంటలు. మధ్యలో రెండుసార్లు ఆగడానికి ముప్పావు గంట. మొత్తం అయిదు గంటలు. ఉదయం ఏడు గంటలకు బయలుదేరితే మధ్యాహ్నం పన్నెండుకు చేరవచ్చు. గంటకు 80 చొప్పున లెక్కవేసిన అబ్బాయికి ఇదే దారి రెండుంబావు గంటలుగా కనబడింది. రెండు లెక్కలకూ మధ్య ఉన్న తేడాలోనే ప్రయాణికుల ఆకలి, అలసట, కోపం అన్నీ దాగి ఉంటాయి.

మరొక నియమం. చీకటి పడేలోపల మజిలీ చేరాలి. తెల్లవారుజామున రెండు నుండి అయిదు గంటల మధ్య మనిషికి నిద్ర బలంగా వస్తుంది. మధ్యాహ్న భోజనం తరువాత కూడా కొంత మగత కమ్ముతుంది. ఆ ఇంట్లో బండి నడిపేవాడు నాయన ఒక్కడే. నడిపేవాడి కన్ను మూతపడితే పథకంలోని మిగిలిన అక్షరాలన్నీ వృథా. పైగా శ్రీశైలం దారి నల్లమల అడవిలో, పులుల సంరక్షణ ప్రాంతంలో ఉంది. అక్కడ రాత్రివేళ వాహనాలను పోనివ్వరు. ఆలస్యంగా చేరినవారు అడవి మొదట్లో తెల్లవారే వరకు ఆగిపోవలసిందే.

ఏది ఉంచాలి, ఏది వదలాలి?

పథకం వేయడంలో కష్టమైన పని చేర్చడం కాదు, తీసివేయడం. అందుకు ఆ ఇంటివారు ఒక ప్రశ్న పెట్టుకొన్నారు: "ఈ ప్రయాణం దేని కోసం?" అవ్వ కృష్ణానదిని చూడాలి. పెద్దలు నడిచి వచ్చిన దారి పిల్లలకు తెలియాలి. ఈ రెండింటికీ పనికివచ్చేవి ఉంచారు. మిగిలినవి వదిలారు.

పెద్దలు వచ్చిన దారి ఏది? విజయనగర రాజ్యం 1336లో ఏర్పడింది. 14వ శతాబ్దం చివరి భాగంలో విజయనగర సేనలు మదురై వరకు వచ్చాయి. ఆ తరువాత నాయకుల పాలనలో సైనికులు, రైతులు, నేతవారు, వర్తకులు తరతరాలుగా తెలుగు నేల నుండి దక్షిణానికి వచ్చి, నల్లరేగడి భూములున్న చోట్ల స్థిరపడ్డారు. 1565లో జరిగిన యుద్ధంలో విజయనగరం ఓడిపోయి హంపి పాడైంది. రాజధాని పెనుకొండకు మారింది. ఆ తరువాత చంద్రగిరికి, వెల్లూరుకు మారింది. అంటే రాజధాని కూడా మెల్లమెల్లగా దక్షిణానికే దిగింది. కోయంబత్తూరు నుండి హంపికి, శ్రీశైలానికి పోయి, వెల్లూరు మీదుగా తిరిగి వస్తే ఆ చరిత్రను చదివినట్లే అవుతుంది.

వరంగల్లు, అమరావతి చాలా దూరం. వాటిని మరొకసారికి వదిలారు. తిరుమలకు కోయంబత్తూరు నుండి ఎప్పుడైనా వెళ్ళవచ్చు. దర్శనానికి ఒక రోజు పూర్తిగా పడుతుంది. కనుక దాన్నీ వదిలారు. అహోబిలం దారికి దగ్గరలోనే ఉంది. కాని ఎగువ అహోబిలంలో కొండలు ఎక్కాలి. అవ్వను కింద కూర్చోబెట్టి తాము ఎక్కడం ఎవరికీ ఇష్టం లేకపోయింది. సులభంగా మళ్ళీ పోగలిగినదాన్ని వదలాలి. అందరూ కలిసి చూడలేనిదాన్ని వదలాలి. మళ్ళీ అవకాశం రానిదాన్ని ఉంచాలి. ఈ మూడు సూత్రాలు ఏ ప్రయాణానికైనా పనికివస్తాయి.

పది రోజులు, పది మజిలీలు

రెండవసారి తయారైన పథకం ఇలా ఉంది.

మొదటి రోజు కోయంబత్తూరు నుండి సేలం, కృష్ణగిరి మీదుగా హొసూరు. సుమారు 325 కిలోమీటర్లు. భవాని దగ్గర కావేరిని దాటుతారు. అంతా పెద్ద రహదారి కనుక కొంచెం ఎక్కువ దూరం పెట్టుకొన్నారు. సాయంత్రపు రద్దీలో బెంగళూరులో చిక్కుకోకుండా హొసూరులోనే ఆగుతారు. హొసూరు తమిళనాడులో ఉన్నా అక్కడి అంగళ్ళలో తమిళం, తెలుగు, కన్నడం మూడూ వినబడతాయి.

రెండవ రోజు తెల్లవారగానే బెంగళూరు దాటి హిందూపురం. దగ్గరలోనే లేపాక్షి. అక్కడి వీరభద్రాలయాన్ని 16వ శతాబ్దంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు కట్టించారు. నేలకు పూర్తిగా ఆనని స్తంభం, పైకప్పు మీది రంగుల చిత్రాలు, ఊరి మొదట్లోని ఏకశిలా నంది చూడదగినవి. నందిని చూడడానికి మెట్లు ఎక్కనక్కరలేదు.

మూడవ రోజు పెనుకొండ, అనంతపురం, బళ్ళారి మీదుగా హోస్పేట. సుమారు 270 కిలోమీటర్లు. పెనుకొండ కోటను కింది నుండి చూసి పోతారు. బళ్ళారి ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, మిగిలినవి మైసూరుకు పోయాయి. సరిహద్దు గీత మారింది కాని, ఇళ్ళలోని భాషలు ఆ గీత ప్రకారం విడిపోలేదు. ఆర్.ఎస్. పురంలోని తెలుగు పిల్లలకు ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

నాలుగవ రోజు హంపి. బండికి విశ్రాంతి. విరూపాక్షాలయం, విఠలాలయంలోని రాతిరథం, తుంగభద్ర ఒడ్డు. 1986 నుండి హంపి ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో ఉంది. యాభై రూపాయల కొత్త నోటు వెనక ఆ రాతిరథం బొమ్మ ఉంది. హంపి అంతా ఒక్క రోజులో చూడడం అసాధ్యం. కనుక ఉదయం రెండు చోట్లు, మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం నది ఒడ్డు అని మాత్రమే రాసుకొన్నారు.

అయిదవ రోజు కర్నూలు. 1953 నుండి 1956 వరకు ఇది ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. తుంగభద్ర ఇక్కడ మళ్ళీ కనిపిస్తుంది. కొండారెడ్డి బురుజు ఊరి మధ్యలోనే ఉంది.

ఆరవ రోజు శ్రీశైలం. హంపిలో, కర్నూలులో చూసిన తుంగభద్ర శ్రీశైలానికి ఎగువన కృష్ణలో కలుస్తుంది. అంటే వీరు మూడు రోజులు ఒక నది వెంట వచ్చి, దానితోపాటే కృష్ణను చేరారన్నమాట. పాతాళగంగకు మెట్లు చాలా ఉన్నాయి. రజ్జుమార్గం కూడా ఉంది. అది నడిచే వేళలు ముందుగా కనుక్కొని రాసుకోవాలి. అవ్వ నదికి చేరేది దాని వల్లనే.

ఏడవ రోజు ఖాళీ. దారిలో ఎక్కడైనా ఒక రోజు పోతే ఈ రోజు దాన్ని పూరిస్తుంది. ఏమీ కాకపోతే శ్రీశైలంలోనే ఉండి ఆనకట్టను చూస్తారు. పథకంలో ఖాళీ రోజు సోమరితనం కాదు. చీరకు కుట్టు విడిచి ఉంచినట్లు అది అవసరానికి పనికివచ్చే జాగ్రత్త.

ఎనిమిదవ రోజు నంద్యాల మీదుగా కడప. సుమారు 300 కిలోమీటర్లు. ఊరికి ముందు పెన్న దాటుతారు. తెలుగు నిఘంటువు కూర్చిన సి.పి. బ్రౌను నివసించిన చోట ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. తొమ్మిదవ రోజు వెల్లూరు. అక్కడ విజయనగర కాలపు కోట, దానిలో జలకంఠేశ్వరాలయం ఉన్నాయి. పదవ రోజు కృష్ణగిరి, సేలం మీదుగా ఇల్లు.

మొత్తం సుమారు 2,000 కిలోమీటర్లు. మొదటి కాగితంలోని దూరంలో మూడింట రెండు వంతులు.

సరిహద్దులూ కాగితాలూ

ఈ దారిలో తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, మళ్ళీ కర్ణాటక, మళ్ళీ ఆంధ్రప్రదేశ్, చివరకు తమిళనాడు వస్తాయి. సొంత కారుకు వేరే అనుమతి అవసరం లేదు. అద్దె బండి అయితే ఇతర రాష్ట్రాలలో తిరగడానికి అనుమతి ఉన్నదో లేదో ముందే చూసుకోవాలి. బండి నమోదు పత్రం, బీమా, పొగ పరీక్ష పత్రం, నడిపేవారి లైసెన్సు దగ్గర ఉండాలి. 2021 ఫిబ్రవరి నుండి జాతీయ రహదారుల టోలు గేట్ల దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. దానిలో తగినంత సొమ్ము ఉంచుకోవాలి. ఆపదలో 112కు, ఆంబులెన్సుకు 108కి, జాతీయ రహదారి మీద సహాయానికి 1033కి ఫోను చేయాలి. అవ్వ మందులు పది రోజులకు కాక పదిహేను రోజులకు తీసుకోవాలి. వాటిని సామాను పెట్టెలో కాక చేతిసంచిలో ఉంచాలి.

ఖర్చు లెక్క కూడా కష్టం కాదు. బండి లీటరుకు 15 కిలోమీటర్లు నడిస్తే 2,000 కిలోమీటర్లకు సుమారు 135 లీటర్లు కావాలి. ఆనాటి ధరతో హెచ్చిస్తే ఇంధనం ఖర్చు తెలుస్తుంది. దానికి బస, భోజనం, టోలు, ప్రవేశ రుసుములు కలిపి, మొత్తంలో పదో వంతు అదనంగా ఉంచుకోవాలి.

ఈనాడు తెలుగువారు అనేక దేశాలలో ఉన్నారు. ఐరోపాలో చదువుకొనేవారు, ఉద్యోగాలు చేసేవారు సెలవుల్లో అక్కడి దేశాలను కారులో చుట్టి వస్తుంటారు. వారి పథకానికీ సూత్రాలు ఇవే. కాగితాలు మాత్రం మారతాయి. 1985లో లక్సెంబర్గ్ దేశంలోని షెంగెన్ అనే చిన్న ఊరి దగ్గర అయిదు దేశాలు ఒక ఒప్పందం చేసుకొన్నాయి. తమ మధ్య సరిహద్దుల తనిఖీ తీసివేయాలన్నది దాని సారాంశం. 1995లో అది అమలులోకి వచ్చింది. 2025 నాటికి 29 దేశాలు అందులో ఉన్నాయి. భారతీయులు ఒక్క వీసాతో ఈ దేశాలన్నీ చూడవచ్చు. అయితే ఏ 180 రోజుల వ్యవధిలోనైనా 90 రోజులకు మించి ఉండరాదు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశం దగ్గరే వీసా అడగాలి. కనుక అక్కడ మజిలీల లెక్క తేలనిదే వీసా అర్జీ కూడా రాయలేరు. సరిహద్దులో ఎవరూ ఆపకపోయినా నియమాలు మారిపోతాయి. ఆస్ట్రియా, స్విట్జర్లాండు దేశాల పెద్ద రహదారుల మీద నడవడానికి ముందుగా రుసుము చెల్లించాలి. ఫ్రాన్సు, ఇటలీ దేశాలలో గేట్ల దగ్గర దూరాన్ని బట్టి చెల్లించాలి. అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. భారతదేశం నుండి వెళ్ళేవారు అంతర్జాతీయ డ్రైవింగ్ అనుమతి పత్రం కూడా తీసుకొని వెళ్ళాలి. సుంకం కట్టి నవాబు ఎల్ల దాటిన వీరాస్వామయ్య ఇవన్నీ చూస్తే పెద్దగా ఆశ్చర్యపడడు.

దారి పుస్తకం

బయలుదేరే ముందు చెల్లెలు ఒక నోటుపుస్తకం తెచ్చింది. ప్రతి మజిలీకి ఒక పుట. దూరం ఎంత, రోడ్డు ఎలా ఉంది, మంచినీరు, శుభ్రమైన మరుగుదొడ్డి ఎక్కడ ఉన్నాయి, అవ్వ కూర్చోవడానికి నీడ ఉందా, ఇవన్నీ రాయాలని నిర్ణయించుకొన్నారు. చివర కొంత చోటు మాటల కోసం విడిచిపెట్టారు. ఊళ్ళ పేర్ల చివర తెలుగులో 'పల్లి' అని ఉంటే కన్నడంలో 'హళ్ళి' అని వస్తుంది. కర్నూలులో అన్నం పెట్టినవారు ఏమని పిలిచారు? కడపలో దారి అడిగితే ఏమని చెప్పారు? అవ్వ నోట వినబడే ఏ మాట అక్కడి అంగట్లో వినబడింది? ఏది వినబడలేదు? ఇవి పటంలో దొరకవు. ఆగినచోట, అడిగినవారికి మాత్రమే దొరుకుతాయి.

నాయన ఆ పుస్తకం తిరగేసి, ఆరవ రోజు పుటలో ఏమీ రాయవద్దని చెప్పాడు. ఆ పుట అవ్వది. కృష్ణ ఒడ్డున కూర్చొని ఆమె ఏమి చెపితే అది రాయాలి. ఏమీ చెప్పకపోతే ఆ పుటను అలాగే ఉంచాలి.

పథకం అంటే ప్రయాణికుని కట్టివేసే తాడు కాదు. అనవసరమైన చింతల నుండి అతన్ని విడిపించే సాధనం. నీరు ఎక్కడ, నిద్ర ఎక్కడ అనే దిగులు లేనివాడే నదిని నదిగా చూడగలడు. వీరాస్వామయ్య వంద మందిని వెంటబెట్టుకొని పదిహేను నెలలు తిరిగి ఇల్లు చేరారంటే, అందుకు కారణం పల్లకి ఎంత వేగంగా పోయిందన్నది కాదు. ప్రతి సాయంత్రం ఎక్కడ దిగాలో ఆయనకు తెలిసి ఉండడమే.

అభ్యాసం

1. వీరాస్వామయ్య తన దినచర్యలో ఏయే విషయాలు రాశారు? అవి ఎవరికి ఉపయోగపడతాయి?
2. అబ్బాయి వేసిన మొదటి పథకంలోని నాలుగు తప్పులు ఏవి?
3. "పథకం వేయడంలో కష్టమైన పని చేర్చడం కాదు, తీసివేయడం." ఈ మాటను పాఠంలోని ఉదాహరణలతో వివరించండి.
4. మీ ఇంటి పెద్దలు ఏ ఊరి నుండి వచ్చారో అడిగి తెలుసుకోండి. మీ ఊరి నుండి అక్కడికి పోవడానికి మజిలీలతో ఒక పథకం తయారుచేయండి. అందులో మీ ఇంటిలోని పెద్దవారికి ఏ ఏర్పాట్లు చేస్తారో రాయండి.